స్టేజీ మీద నిలువు బొమ్మ వేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ధ్వజస్తంభం, గాలిగోపురం, నిలువెత్తు వేంకటేశ్వరుడు, స్టేజీకి రెండు పక్కలా రాజభవనం స్తంభాలు. పద్యనాటకాలు, నృత్యరూపకాలు వేసేవాళ్లు అడిగే బొమ్మల్లో సగం నిలువువే. ప్రొజెక్టరేమో అడ్డం మనిషి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడం గురించి ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి, చివరికి రాసేస్తే పోలా అనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే దానికే వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంకా ఏమీ ఖాయం చేసుకోకముందు

ప్రొజెక్టర్‌ను మామూలుగానే పెట్టి, మధ్యలో నిలువు బొమ్మ వేస్తే ఏం పోతుంది?

మీరు అద్దె కట్టిన వెలుగులో మూడింట రెండొంతులు పోతుంది. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌లో 1920 × 1080 పిక్సెళ్లుంటాయి. అందులో 9:16 (వెడల్పు 9 పాళ్లు, ఎత్తు 16 పాళ్లు) బొమ్మను నిలబెడితే ఎత్తు 1080 దగ్గర, వెడల్పు 608 దగ్గర ఆగిపోతాయి. అంటే మొత్తంలో 32 శాతమే పనిచేస్తోంది. 16 అడుగుల ఎత్తు తెర మీద ఒక్కో పిక్సెల్ నాలుగున్నర మిల్లీమీటర్లు అవుతుంది. ప్రొజెక్టర్‌నే పక్కకు తిప్పితే అది సరిగ్గా అంగుళంలో పదో వంతు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లకు అమ్మవారి కళ్ల దగ్గర ఈ తేడా తెలిసిపోతుంది.

మిగతా భాగం నల్లగానే ఉంటుంది కదా అంటారు. ప్రొజెక్టర్ వేసే నలుపు అసలు నలుపు కాదు, బూడిద రంగు. లైట్లన్నీ ఆర్పి చీకటి సీను మొదలవగానే తెరకు రెండు పక్కలా, వింగ్‌ల (స్టేజీ పక్క తెరల) మీద, పలచగా పొగ పట్టినట్టు కనబడుతుంది. ఒకసారి కంటబడిందా, ఇక సీనంతా దాన్నే చూస్తారు.

అయినా సరే, తిప్పకుండా వేసుకునే సందర్భాలు ఉంటాయా?

ఉంటాయి. బొమ్మ ఆరేడడుగుల ఎత్తే అయితే, స్టేజీ లైటింగు తక్కువైతే ఫరవాలేదు. అమెరికాలో తెలుగు సంఘాల కార్యక్రమాలు చాలావరకు అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియాల్లో జరుగుతాయి. అక్కడ ప్రొజెక్టర్ సీలింగ్‌కు బిగించి ఉంటే దాన్ని ముట్టుకోనివ్వరు. అలాంటి చోట నిలువు బొమ్మ కోసం పట్టుబట్టకుండా, దృశ్యాన్నే అడ్డంగా గీయించుకోవడం మంచిది. ఒక్క గోపురం బదులు గోపురం, ప్రాకారం, కొండ కలిపి వేయించండి.

ఎల్‌ఈడీ వాల్ పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

ఆరుబయట అయితే, సాయంత్రం వెలుతురు ఉండగానే మొదలయ్యే షో అయితే, రెండో ఆలోచన వద్దు, ఎల్‌ఈడీయే. అది పలకలు పేర్చి కట్టేది కాబట్టి నిలువుగానూ కట్టొచ్చు.

చీకటి హాల్లో నాటకానికి మాత్రం నా ఓటు ప్రొజెక్టర్‌కే. ఎల్‌ఈడీ తనే ఒక పెద్ద దీపం. దాని వెలుగు నటుల వీపు మీద, కిరీటాల మీద పడి, లైటింగు మనిషి పడ్డ కష్టమంతా పాడు చేస్తుంది. పైగా 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల నుంచి మన కంటికి అలవాటైంది రంగులు వేసిన గుడ్డ పరదా. ప్రొజెక్షన్ కూడా గుడ్డ మీదే పడుతుంది కాబట్టి ఆ పరదాల పక్కన ఒదిగిపోతుంది. ఎల్‌ఈడీ పెడితే దర్బారులో టీవీ షాపు తెరిచినట్టుంటుంది.

## సామాను అద్దెకు తెచ్చేటప్పుడు

ఏ ప్రొజెక్టర్‌నైనా పక్కకు తిప్పి నిలబెట్టేయొచ్చా?

వద్దు. అన్నిటికంటే ఎక్కువ నష్టాలు ఇక్కడే జరుగుతాయి.

ల్యాంపుతో పనిచేసే ప్రొజెక్టర్‌లో అధిక పీడనం ఉన్న పాదరస దీపం ఉంటుంది. వేడి పైకి పోతుందన్న లెక్కతోనే దాని చుట్టూ ఫ్యాన్లు, గాలి దారులు అమరుస్తారు. పెట్టెను పక్కకు తిప్పితే దీపంలో కాకూడని చోట వేడెక్కుతుంది. ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది, మసకబారుతుంది, ఒక్కోసారి పగిలిపోతుంది. కొన్ని కంపెనీలు నిలువు వాడకానికని ప్రత్యేకం ల్యాంపులు అమ్మేవి. అవి లేకుండా ఆ పని చేయకూడదు.

కొత్తలో నేనూ చేశాను. ఒక కాలేజీ వార్షికోత్సవంలో క్లాసురూము ప్రొజెక్టర్‌ను పక్కకు తిప్పి, రెండు ఇటుకల మధ్య ఇరికించాను. గాలి లోపలికి పోయే జాలీ టేబుల్‌కు అతుక్కుపోయిందని చూసుకోలేదు. ఇరవై నిమిషాలకు ఎర్ర లైటు వెలిగి, శివతాండవం మధ్యలో కైలాసం మాయమైంది. నటరాజు వేషం వేసిన కుర్రాడు చీకట్లోనే పూర్తి చేశాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

లేజర్ ప్రొజెక్టర్లలో చాలావాటిని ఎటు తిప్పినా పనిచేసేలా తయారుచేస్తున్నారు. అయినా ‘లేజరే’ అన్న మాట విని అడ్వాన్సు ఇవ్వకండి. మోడల్ నంబరు అడిగి, దాని మాన్యువల్లో బిగింపు కోణాల బొమ్మ చూడండి. అందులో రెండు కోణాలుంటాయి: ముందుకూ వెనక్కూ వంచేది ఒకటి, పక్కకు దొర్లించేది ఇంకొకటి. మొదటిది 360 డిగ్రీలు ఇచ్చి, రెండోది 15 డిగ్రీలకే పరిమితం చేసిన మోడళ్లు ఉన్నాయి. మనక్కావలసింది రెండోది. ఏ పక్క కిందికి ఉండాలో కూడా కొన్నిట్లో రాసి ఉంటుంది.

ఎన్ని లూమెన్లు కావాలి?

లూమెన్లంటే ప్రొజెక్టర్ మొత్తంగా వదిలే వెలుగు. ఎన్ని కావాలన్నది తెర విస్తీర్ణాన్ని బట్టి లెక్క. 9 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు తెర అంటే దాదాపు 13.4 చదరపు మీటర్లు. 10,000 లూమెన్ల ప్రొజెక్టర్‌ను తిప్పి తెరంతా నింపితే ఒక్కో చదరపు మీటరుకు సుమారు 750 లూమెన్లు, అంటే 750 లక్స్ పడుతుంది. అదే ప్రొజెక్టర్‌ను అడ్డంగా ఉంచి మధ్యలో బొమ్మ వేస్తే 236 మాత్రమే.

ఇది చాలా, చాలదా అన్నది మీ స్టేజీ లైట్లు చెప్పాలి. లైట్లన్నీ వేసి, ప్రొజెక్టర్ ఆపి, తెర దగ్గర లక్స్ మీటర్ పెట్టి చూడండి. ఫోన్ యాప్ అయినా ఒక అందాజుకు సరిపోతుంది. బొమ్మ వెలుగు దానికి కనీసం అయిదు రెట్లు ఉండాలన్నది నేను పెట్టుకున్న కొలత. తెర మీద 100 లక్స్ లైటు చిందుతుంటే 750 బాగుంటుంది, 236 వెలిసిపోయిన కేలండర్‌లా ఉంటుంది.

ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలి? వెడల్పుతో లెక్కేస్తే తప్పు వస్తోంది.

త్రో రేషియో అంటే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగించగా వచ్చేది. ఆ వెడల్పు ప్రొజెక్టర్ వెడల్పు, మీ తెర వెడల్పు కాదు. తిప్పినప్పుడు ప్రొజెక్టర్ వెడల్పు మీ తెర ఎత్తు అవుతుంది. కాబట్టి 16 అడుగుల ఎత్తు తెరకు త్రో రేషియో 1.5 ఉన్న లెన్స్ అయితే 1.5 × 16 = 24 అడుగులు. చాలామంది 9తో గుణించి పదమూడున్నర అడుగుల దగ్గర స్టాండు వేస్తారు. అప్పుడు బొమ్మ 9 అడుగుల ఎత్తే వస్తుంది.

అడ్డంగానే ఉంచి అదే 16 అడుగుల ఎత్తు రావాలంటే ప్రొజెక్టర్ 28 అడుగుల పైన వెడల్పు వేయాలి, దూరం 42 అడుగులు దాటుతుంది. తిప్పితే వెలుగే కాదు, హాల్లో చోటూ మిగులుతుంది.

పక్కకు తిప్పడానికి వీల్లేని ప్రొజెక్టరే దొరికింది. ఇంకో దారి లేదా?

అద్దం. ముందుకూ వెనక్కూ ఎంతైనా వంచొచ్చని మాన్యువల్లో ఉంటే, ప్రొజెక్టర్‌ను నిట్టనిలువుగా పైకి చూసేలా పెట్టి, దాని మీద 45 డిగ్రీల వాలులో అద్దం బిగించండి. వెలుగు అద్దానికి తగిలి తెర వైపు మళ్లుతుంది. ప్రొజెక్టర్ బొమ్మ పొడుగు దిక్కు తెర వైపు ఉండేలా పెట్టెను తిప్పి పెడితే తెర మీద నిలువు బొమ్మ వస్తుంది.

రెండు జాగ్రత్తలు. అద్దంలో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది, కాబట్టి మెనూలో రియర్ ప్రొజెక్షన్ (తెర వెనక నుంచి వేసేటప్పటి సెట్టింగ్) పెట్టాలి. బాత్‌రూము అద్దం పనికిరాదు. దాని పూత గాజు వెనక ఉంటుంది కాబట్టి ప్రతి గీతా రెండుగా పడుతుంది. గాజు ముందు వైపు పూత ఉన్న అద్దం తెప్పించండి, వేలిముద్రలు పడనివ్వకండి.

రెండు ప్రొజెక్టర్లు పైనొకటి, కిందొకటి పెట్టి కలిపితే?

కుదురుతుంది, కానీ 9:16కి పెద్దగా కలిసిరాదు. మధ్యలో 15 శాతం కలుపుకుంటే మొత్తం 1920 × 1998 వస్తుంది, అంటే దాదాపు చదరం. అందులో నిలువు బొమ్మకు పనికొచ్చేది 59 శాతమే. పైగా రెండిటి రంగులూ కలపడానికి ఒక పూట పోతుంది.

## బిగించేటప్పుడు

పక్కకు తిప్పిన ప్రొజెక్టర్‌ను దేనిమీద నిలబెట్టాలి?

దాని కోసమే చేసిన ఫ్రేములో. స్టేజీకి వాడే లేజర్ ప్రొజెక్టర్లు ఇరవై కిలోల నుంచి యాభై కిలోల దాకా తూగుతాయి, అందులో లెన్స్ ఒక పక్కకు బరువు. బెల్టులతో, తాళ్లతో కట్టినది షో మధ్యలో అర అంగుళం జారినా బొమ్మ తెర దాటి పక్కకు వెళ్లిపోతుంది. ఫ్రేము దొరక్కపోతే వెల్డింగు షాపులో ఇనుప యాంగిల్‌తో చేయించుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బిగించాలి, ప్లాస్టిక్ కాళ్ల మీద బరువు మోపకూడదు. గాలి జాలీల చుట్టూ మాన్యువల్లో చెప్పినంత ఖాళీ వదలాలి.

ట్రస్‌కు (లైట్లు బిగించే లోహపు చట్రానికి) వేలాడదీస్తే విడిగా సేఫ్టీ వైరు తప్పనిసరి. కింద జనం కూర్చుంటారు.

పవర్ ఆన్ చేసే ముందు మెనూలో పోర్ట్‌రెయిట్ బిగింపు గానీ, కూలింగ్ సెట్టింగ్ గానీ ఉందేమో అద్దెకిచ్చినవాళ్లను అడగండి. కొన్ని మోడళ్లు తామెటు తిరిగి ఉన్నాయో మీరు చెబితేనే ఫ్యాన్లు సరిగ్గా నడుపుతాయి.

లెన్స్ షిఫ్ట్ పైకి నొక్కితే బొమ్మ పక్కకు పోతోంది. పాడైందా?

పాడవలేదు. లెన్స్ షిఫ్ట్ అంటే పెట్టెను కదపకుండా బొమ్మను జరిపేది. పెట్టె తిరిగింది కాబట్టి దాని ‘పైకి’ మీకు పక్క అయింది. వంకరపోయిన బొమ్మ అంచులను సరిచేసే కీస్టోన్ కూడా అంతే. అసలు వెసులుబాటు పైకీ కిందికీ ఎక్కువ, పక్కలకు తక్కువ ఉంటుంది కాబట్టి తిప్పాక ఎత్తు సర్దుకునే వీలు తగ్గుతుంది. అందుకే ప్రొజెక్టర్‌ను వీలైనంత తెర మధ్య ఎత్తుకు తీసుకెళ్లండి. కీస్టోన్‌తో లాగిన కొద్దీ పిక్సెళ్లు పోతాయి.

నటుల మీద బొమ్మ పడుతోంది, వాళ్ల నీడ తెర మీద పడుతోంది.

ముందు నుంచి వేస్తే ఈ బాధ ఉంటుంది. తెర అడుగు భాగాన్ని స్టేజీ మట్టం నుంచి నాలుగైదడుగులు పైకి ఎత్తండి, నటులను తెరకు ఆరేడడుగులు ముందుకు రమ్మనండి, ప్రొజెక్టర్‌ను ఎత్తు నుంచి వాలుగా వేయండి. మూడూ కలిస్తే నీడ నటుడి వెనక నేల మీదే పడుతుంది.

వెనక నుంచి వేస్తే నీడ గొడవే లేదు, కానీ మన కళావేదికల్లో తెర వెనక చోటు తక్కువ. 16 అడుగుల ఎత్తుకు 0.8 లెన్స్‌తో కూడా దాదాపు 13 అడుగులు కావాలి. అక్కడ మేకప్ సామాను, హార్మోనియం పెట్టె, ఎవరివో చెప్పులు ఉంటాయి. చోటు ముందే కొలుచుకుని, సుద్దతో గీత గీసి, ఎవరూ అడ్డం రాకుండా ఒక మనిషిని పెట్టండి.

తెరకు ఏ గుడ్డ వాడాలి?

ముందు నుంచి వేసేదానికి మెరుపు లేని తెల్ల గుడ్డ ఏదైనా సరే, వెనక నల్ల గుడ్డ కలిపి కుట్టించండి. కుట్లు నిలువుగా రావాలి. గోపురం, స్తంభం లాంటి బొమ్మల్లో నిలువు కుట్టు కలిసిపోతుంది, అడ్డం కుట్టు మొహం మధ్యలో గీతలా నిలబడుతుంది. కింద అంచున గొట్టం దూర్చే జేబు పెట్టించి పైపు వేయండి, లేకపోతే ఏసీ వేయగానే దేవుడు ఊగుతాడు.

## బొమ్మలు, వీడియోలు తయారుచేసేటప్పుడు

బొమ్మ ఏ సైజులో చేయించాలి?

1080 × 1920. ప్రొజెక్టర్ 1920 × 1200 రకం అయితే 1200 × 1920. వాట్సాప్‌లో ఫోటోగా పంపిస్తే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి.

బొమ్మను లాప్‌టాప్‌లో తిప్పాలా, సాఫ్ట్‌వేర్‌లో తిప్పాలా, వీడియోనే పక్కకు తిప్పి ఎగుమతి చేయాలా?

ప్రొజెక్టర్‌కు చేరే సిగ్నల్ ఎప్పుడూ అడ్డంగానే, అంటే 1920 × 1080 గానో 1920 × 1200 గానో వెళ్తుంది. దానికి నిలువంటే తెలియదు. దాని లోపల బొమ్మ పక్కకు పడుకుని వెళ్లాలి, పడుకున్న ప్రొజెక్టర్ దాన్ని లేపి నిలబెడుతుంది.

స్లైడ్లు, ఫోటోలే అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ప్రొజెక్టర్ స్క్రీన్‌ను ఎంచుకుని పోర్ట్‌రెయిట్ పెట్టండి, అయిపోతుంది. పవర్‌పాయింట్‌లో స్లైడ్ సైజు కూడా నిలువుగా మార్చాలి. రెండు మూడు తెరలు, వీడియోలు ఉంటే రెజల్యూమ్ అరీనా, క్యూలాబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కంపోజిషన్ నిలువుగా ఉంచి, అవుట్‌పుట్ దగ్గర 90 డిగ్రీలు తిప్పండి. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే ప్రివ్యూలో మెడ వంచకుండా చూడొచ్చు.

మూడో పద్ధతి పాత లాప్‌టాప్‌లకు. వీడియోనే తిప్పి పెట్టుకుంటే ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. అయితే చివరి నిమిషంలో దర్శకుడు ‘ఇక్కడ కొంచెం మార్చండి’ అంటే మళ్లీ రెండర్‌కు కూర్చోవాలి.

కుడికి తిప్పాలా, ఎడమకా?

ప్రొజెక్టర్‌ను ఎటు పడుకోబెట్టారన్న దాన్ని బట్టి. ఆలోచించి తేల్చుకోవద్దు. పైన ‘పైన’ అని, పక్కన ‘కుడి’ అని రాసిన ఒక బొమ్మ దగ్గర ఉంచుకుని, వేసి చూడండి. తలకిందులైతే 180 డిగ్రీలు తిప్పండి. అక్షరాలు అద్దంలోలా కనిపిస్తే మాత్రం తిప్పడంతో పని కాదు, ప్రొజెక్టర్ మెనూలో ముందు, వెనక సెట్టింగ్ మార్చాలి.

ఫోన్లో నిలువుగా తీసిన వీడియో ఒక లాప్‌టాప్‌లో సరిగ్గా, ఇంకోదాంట్లో పక్కకు పడుకుని వస్తోంది.

ఫోన్ చాలాసార్లు వీడియోను అడ్డంగానే దాచి, ‘దీన్ని తిప్పి చూపించు’ అని ఒక గుర్తు రాసి పెడుతుంది. కొన్ని ప్లేయర్లు ఆ గుర్తును చదువుతాయి, కొన్ని పట్టించుకోవు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నిలువు ప్రాజెక్టు తెరిచి, అందులో వేసి మళ్లీ ఎగుమతి చేస్తే గుర్తుతో పని ఉండదు.

తెలుగు అక్షరాలు గజిబిజిగా వస్తున్నాయి. ఎంత సైజు పెట్టాలి?

అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైపు చేసిన ఫైలును, ఆ ఫాంట్లు లేని లాప్‌టాప్‌లో తెరిస్తే అలాగే వస్తుంది. యూనికోడ్‌లో చేసినా కొన్ని వీడియో సాఫ్ట్‌వేర్‌లు ఒత్తులను విడదీసి పక్కన పెడతాయి. అందుకే అక్షరాలను అక్షరాలుగా పంపొద్దు. పేర్లు, అంకాల శీర్షికలు అన్నీ పీఎన్‌జీ బొమ్మలుగా మార్చి తెచ్చుకోండి.

సైజు విషయంలో, 90 అడుగుల హాల్లో ఆఖరి వరుసకు తెలియాలంటే అక్షరం 9 అంగుళాలకు తగ్గకూడదని నా అనుభవం. మన లిపికి కింద ఒత్తులు కూడా ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. 9 అడుగుల వెడల్పు తెరలో వరుసకు పది అక్షరాలు మించవు. పేరు అంతకంటే పొడుగైతే రెండు వరుసలు.

బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రం కనబడుతోంది. పోగొట్టడం ఎలా?

అంచులను నలుపులోకి మెల్లగా కరిగించండి, ఓ 60 పిక్సెళ్ల మేర. స్తంభానికైతే తెరను స్తంభం ఆకారంలోనే కత్తిరించి కుట్టిస్తే ఇంకా బాగుంటుంది.

నాట్యం చేసే అమ్మాయిని కెమెరాతో తీసి, పక్కన నిలువు తెర మీద లైవ్‌లో చూపించాలి.

కెమెరాను కూడా పక్కకు తిప్పి బిగించండి. అడ్డం ఫ్రేములోంచి నిలువు ముక్క కత్తిరిస్తే 608 పిక్సెళ్ల వెడల్పే మిగులుతుంది. కెమెరా, ప్రొజెక్టర్ రెండూ సరైన పక్కకు పడుకుంటే మధ్యలో తిప్పే పనే ఉండదు, ఆలస్యం తగ్గుతుంది. 50 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము ఆలస్యం 20 మిల్లీసెకన్లు. స్విచ్చర్ (కెమెరాలు మార్చేది), స్కేలర్ (బొమ్మ సైజు మార్చేది), ప్రొజెక్టర్ తలా రెండు ఫ్రేములు తింటే నట్టువాంగం తాళానికీ తెర మీద పాదానికీ పొంతన ఉండదు. పక్కనే మనిషి ఆడుతోంది కాబట్టి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. తగ్గించలేకపోతే పాదాలు వదిలేసి ముఖాభినయం మాత్రమే చూపించండి.

## రిహార్సల్లో

పద్యానికి ఎంత నిడివి వీడియో చేయాలి?

నిడివి లెక్కతో చేయొద్దు. నాలుగు నిమిషాల వీడియో చేసి పెడితే, ఆ రోజు గొంతు బాగుండి నటుడు రాగం ఇంకో రెండు నిమిషాలు లాగుతాడు. చివర్లో జనం ‘వన్స్ మోర్’ అంటారు, ఆయన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. మీ వీడియో ఎప్పుడో అయిపోయి తెర మీద ప్లేయర్ గుర్తు నిలబడి ఉంటుంది.

20, 30 సెకన్ల వీడియోను అతుకు తెలియకుండా తిరిగే లూప్‌గా చేయండి. తర్వాతి సీనుకు మారడం మీ వేలి మీదే ఉండాలి. క్యూ కాగితం మీద నిమిషాలు కాదు, పద్యం ఆఖరి పాదం రాసుకోండి. హార్మోనియం ఆయనకు కనిపించేలా కూర్చుంటే ఇంకా మంచిది. వన్స్ మోర్ ఇస్తారో లేదో ఆయన ముఖం ముందే చెబుతుంది.

లైట్లు వేయగానే బొమ్మ వెలిసిపోతోంది.

గొడవ లైట్ల సంఖ్యతో కాదు, దిక్కుతో. ఎదురుగా వేసిన ఫ్లడ్ లైట్లు నటుడిని దాటి తెరకు తగులుతాయి. పక్క వింగ్‌ల నుంచి, నెత్తి మీది నుంచి వేయమని లైటింగు ఆయన్ని అడగండి. రిహార్సల్‌కు ముందే అడగాలి, టీ తాగుతూ అడగాలి. షో రోజు సాయంత్రం అడిగితే ఎవరూ మార్చరు.

## ప్రదర్శన రోజు

కరెంటు పోతే?

ల్యాంపు ప్రొజెక్టర్ అయితే ఫ్యాన్ ఆగిపోయి వేడి లోపలే ఉండిపోతుంది, చల్లారేదాకా మళ్లీ వెలగకపోవచ్చు. లేజర్ త్వరగా లేస్తుంది, అయినా ఆ కాసేపు తెర ఖాళీయే. జనరేటర్‌కు మారే వ్యవధి దాటించేంత యూపీఎస్ పెట్టండి. కొనేముందు ప్రొజెక్టర్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో చూడండి. కంప్యూటర్ పక్కన పెట్టే చిన్న యూపీఎస్ పెద్ద ప్రొజెక్టర్‌ను మోయలేదు.

బొమ్మ లేని సీన్లలో కూడా తెర బూడిదగా వెలుగుతోంది.

రిమోట్‌లో షట్టర్ బటన్ ఉంటే అది నొక్కండి. లేకపోతే లెన్స్‌కు అడుగు ముందర నల్ల అట్టముక్కను బందు మీద తలుపులా తిరిగేలా కట్టి, దారం లాగి మూయొచ్చు. లెన్స్ మూత మాత్రం పెట్టకండి, వేడికి కరుగుతుంది.

షో మధ్యలో తెర మీద వాట్సాప్ మెసేజ్ వచ్చింది. మళ్లీ రాకుండా ఏం చేయాలి?

షో లాప్‌టాప్‌లో వాట్సాప్ ఉండకూడదు. వైఫై ఆపేయండి, స్క్రీన్‌సేవర్, స్లీప్ తీసేయండి, డిస్‌ప్లేను డూప్లికేట్‌లో కాకుండా ఎక్స్‌టెండ్‌లో పెట్టండి.

షో అయిపోగానే ఊడదీసి వ్యాన్ ఎక్కించేయొచ్చా?

పవర్ బటన్‌తో ఆపండి, ఫ్యాన్ శబ్దం పూర్తిగా ఆగాకే ప్లగ్ పీకండి. ఈలోపు తెర మడవకుండా పైపుకు చుట్టండి, మడత పడితే వచ్చే షోలో ఆ గీత బొమ్మలో కనిపిస్తుంది. ఫ్రేము బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి ఆ ఫ్రేముకే కట్టేయండి. లెన్స్ షిఫ్ట్ మధ్యకు తెచ్చి పెట్టెలో పెట్టండి. సన్మానాలు, శాలువాలు అయ్యేసరికి ఎలాగూ అరగంట పడుతుంది.